పన్నెండు గంటల రుచి

“ఇరవై ఒక్క రోజులు టైమిస్తున్న,” అన్నాడు డాక్టర్ రంజిత్. “అంతకుమించి ఆగితే తప్పు నాదయితది.”

మగ్దలేనమ్మ తన కుడికాలి వైపు చూసింది. బొటనవేలి పక్క వేలు నల్లబడింది. దాని కింద రూపాయి బిళ్లంత పుండు. చెప్పులోకి తేలిన మేకు మీద నాలుగు రోజులు నడిచింది ఆమె. గచ్చు మీద రక్తపు అడుగులు చూసి పక్కింటి బెన్నీ అరిచేదాకా సంగతి తెలియలేదు.

డాక్టర్ పెన్ను వెనక్కి తిప్పి అరికాలు నొక్కాడు.

“ఇక్కడ తెలుస్తుందా?”

“లేదు సారూ.”

“ఇక్కడ?”

“లేదు.”

“తిన్నంక షుగరు మూడు వందల నలభై ఉంది. ఇరవై ఒకటో రోజుకు రెండు వందల కిందికి రావాలె. వస్తే పుండు మానుతది, వేలు మిగుల్తది. రాకపోతే ఆదిలాబాద్ పంపిస్త, వేలు తీసేస్తరు. అప్పటికీ దిగకుంటే వేలుతోని ఆగదమ్మా, పాదం దాకా పోతది. గోలీలు సగం పని చేస్తయ్. మిగతా సగం నీ పొయ్యి చెయ్యాలె.”

ఆమె తలూపింది. నాలుగు నెలల కింద, భర్త మైసయ్య ఇక లేడని చెప్పిన పూట కూడా అట్లాగే తలూపింది. ఎవరో ఎవరికో ఏదో చెబుతున్నారు, తాను పక్కన నిలబడి వింటున్నది, అంతే.

డ్రెస్సింగ్ గదిలో నర్సు స్తుతి కట్టు కట్టింది. ఇరవై ఏడేళ్ల పిల్ల. చిన్నప్పుడు మగ్దలేనమ్మ వంట తిని పెరిగింది. హాస్టల్ పిల్లలంతా ఆమెను పెద్దవ్వ అనేవాళ్లు. స్తుతికి ఇప్పటికీ ఆ పిలుపే.

“పెద్దవ్వా, ఈ కాయితం పొయ్యికాడ అతికించుకో. అన్నం వద్దు, ఆలుగడ్డ వద్దు. ఒక జొన్నరొట్టె, పిడికెడు పప్పు, ఆకుకూర మస్తుగ. అల్కటి పని. ఒక్కదానివే గదా, ఎంత సేపు?”

“ఎంత సేపు,” అంది మగ్దలేనమ్మ.

తేలిక పనే. ఆమెకు తప్ప.

ఉట్నూరులో ఒక హాస్టల్లో ముప్పై ఒక్క ఏళ్లు వండింది ఆమె. రెండు వందల నలభై మంది పిల్లలు. బియ్యం డబ్బాలతో, ఉప్పు పిడికిళ్లతో. మైసయ్య అదే హాస్టల్‌కు వాచ్‌మన్. ఇద్దరి తిండీ అక్కడే. పిల్లలు పుట్టలేదు. ఇంట్లో పొయ్యి అంటే చాయ్ పెట్టుకునేందుకే. ఫిబ్రవరిలో మైసయ్య గుండె ఆగింది. ఏప్రిల్‌లో వయసు దాటిందని ఆమెను మాన్పించారు. వెళ్లేరోజు శాలువా కప్పి ఏం కావాలని అడిగితే, మూలన ఉన్న పాత బగోన కావాలంది. స్టాఫ్‌కు కూర వండే గిన్నె అది. పదిహేను మందికి సరిపోతుంది. హాస్టల్ మొత్తంలో అన్నిటికన్నా చిన్నది. ఇంటికి తెచ్చి అటక మీద పెట్టింది, తిండి మాత్రం బస్టాండ్ హోటల్లో.

కాయితం అతికించిన రోజే ప్రయత్నం చేసింది. చాయ్ గిన్నెలో పిడికెడు పెసరపప్పు పోసి స్టవ్ మీద పెట్టింది. హాస్టల్లో పప్పు ఉడకాలంటే గంటంపావు. ఆ లెక్కన వాకిట్లోకి పోయి కూర్చుంది. పది నిమిషాలకే నల్లటి పొగ వచ్చింది. రెండోసారి దగ్గరే నిలబడింది. పప్పు ఉడికింది. ఉప్పు వేసింది. నోట్లో పెట్టుకోగానే ఊసేసింది. ఆ చేతికి పిడికెడు తెలుసు, చిటికెడు తెలియదు.

మరునాడు పొద్దున్నే బగోన దించింది.

పోశవ్వ దగ్గర కూరగాయలు తీసుకుంది. పోశవ్వ అంగట్లో గోనె పరుచుకుని కూర్చునే మనిషి. నోరు ఊరుకోదు.

“గిన్ని ఆలుగడ్డలు, గిన్ని కట్టల కూర! ఎందరే అక్కా ఇంట్ల?”

“చుట్టాలొచ్చిండ్రు,” అంది మగ్దలేనమ్మ. ఎందుకన్నదో ఆమెకే తెలియదు. ఒక్కదాన్నే అనే మాట నోట్లోంచి రాలేదు.

బెన్నీ జీపు నడుపుతాడు. ఉట్నూరు నుంచి అడవి ఊళ్లకు జనాన్ని చేరవేస్తాడు. వాళ్ల జీపుల అడ్డా ఆమె ఇంటి ముందే. ఆ రోజు బగోన నిండా అన్నం వండింది, ఇంకో గిన్నెలో ఆలుగడ్డ కూర, పప్పు. ఎవరు తింటారని ఆలోచించలేదు. వాసన వీధిలోకి పోయింది, బెన్నీ వచ్చాడు, వెనకే తోటి డ్రైవర్ రాయమల్లు, ఇంకో నలుగురు. రోజులు ఆ దారిన పడ్డాయి. పదకొండుకు వంట పూర్తి. పన్నెండుకు రుచి చూడటం. పన్నెండున్నరకు మూత తీయడం. డ్రైవర్లు తిని పోయాక, ఒంటిగంటకు, బస్టాండ్ దగ్గర తెప్పించుకున్న ఒక్క జొన్నరొట్టె, దాని మీదికి ఆకుకూర. కాయితంలో రాసినట్టే. గోలీలు తప్పలేదు. చాయ్‌లో చక్కెర మానేసింది. మానేసినందుకు బాధ కూడా కలగలేదు. చక్కెర ఉన్నా లేకున్నా చాయ్ ఒకటే అనిపించింది.

పదో రోజు మళ్లీ రక్తం తీశారు. మూడు వందల పదకొండు.

డాక్టర్ కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు. “అమ్మా, నేను నీకు శత్రువునా?”

“కాదు సారూ.”

“మరి దాచి తింటున్నవెందుకు? స్వీట్లా? అన్నమా?”

“రొట్టె తింటున్న. కూర తింటున్న.”

“పుండు వాసన కొడుతుంది. ఇంకో పదకొండు రోజులే ఉన్నయ్. నిజం చెప్పు.”

“దేవుడు చూస్తుండు. రొట్టె తప్ప తింటలేను.”

అబద్ధం చెప్పేవాళ్ల ముఖం డాక్టర్‌కు తెలుసు. ఈ ముఖం అది కాదు. అదే ఆయన్ను చిరాకు పెట్టింది. నర్సు వైపు తిరిగాడు. “ఎక్కణ్నో తేడా కొడుతుంది. చూడు.”

స్తుతి చెప్పి రాలేదు. మరునాడు సెలవు పెట్టి, పదకొండున్నరకు ఇంటి ముందు స్కూటీ ఆపింది. దొంగను పట్టుకునేవాళ్లు అట్లాగే వస్తారు.

“దా బిడ్డా,” అని మగ్దలేనమ్మ పీట వేసింది.

స్తుతి కూర్చోలేదు. ముందు డబ్బాలు వెతికింది. చక్కెర లేదు, బెల్లం లేదు. బిస్కెట్ ప్యాకెట్ పాతది, చీమలు పట్టి ఉంది. గూట్లో గోలీల అట్టలు లెక్కపెట్టింది. సరిగ్గా ఉన్నాయి. మంచం కింద వంగి చూసింది. మైసయ్య టార్చిలైటు, ఒక జత బూట్లు.

“ఏం వెతుకుతున్నవే?”

“నీ షుగరు యాడ దాక్కుందో అని.”

అప్పుడు చూసింది పొయ్యి మీద బగోన. మూత తీసింది. అన్నం ఆవిరి ముఖానికి కొట్టింది.

“గింతన్నం ఎవరికి?”

“జీపులోళ్లకు. నాకు చిన్నగ వండరాదు బిడ్డా. చెయ్యి తిరగదు. వండుత, వాళ్లు తింటరు.”

“నువ్వు తినవు?”

“నేనెందుకు తింట? కాయితంల అన్నం వద్దని రాసినవ్ గదా.”

స్తుతి పీట మీద కూర్చుంది. ఇక వెతకడానికి ఏమీ లేదు. చూడటమే.

గడియారం పన్నెండు చూపించింది. మగ్దలేనమ్మ చేతులు కడుక్కుంది. స్టీలు తలె తీసుకుంది. బగోనలోంచి రెండు గంటెల అన్నం పెట్టుకుంది. పప్పు పోసుకుంది. ఆలుగడ్డ కూర పక్కన వేసుకుంది. కళ్లు మూసి ప్రార్థన చేసింది. గోడకు ఆనుకుని, ఎటూ చూడకుండా, తలెలో మెతుకు మిగలకుండా తిన్నది. ఆ ముఖంలో ఇష్టం లేదు, ఆకలి లేదు. బస్సు టికెట్లు కొట్టే కండక్టర్ ముఖంలా ఉంది. లేచి తలె కడిగి బోర్లించింది. గడియారం చూసింది.

“ఇదేంది పెద్దవ్వా?” స్తుతి పీట మీంచి లేచింది.

“ఏది?”

“ఇప్పుడు తిన్నది.”

“తినలే. రుచి చూసిన.”

“తలె నిండ అన్నం తిన్నవ్!”

“గది రుచి చూసుడే. తినుడు ఒంటిగంటకు.” ఆమె గొంతులో తప్పు చేసిన జాడే లేదు. “హాస్టల్ల రూలు తెల్వదా నీకు? పిల్లలకంటె అర్ధగంట ముందు వండినామె ఒక తలె తినాలె. చెంచతోని నాకితే ఏం తెలుస్తది? కడుపుల పడాలె. పడి అర్ధగంట ఆగాలె. అప్పుడే మూత తీసుడు.”

“రోజూ?”

“ముప్పై ఒక్క ఏండ్లు.”

“డాక్టర్ సార్ అడిగినప్పుడు చెప్పకపోతివి.”

“తిన్నదేందని అడిగిండు. చెప్పిన.”

స్తుతి రెండు చేతులతో తల పట్టుకుంది. “పెద్దవ్వా, నీ కడుపుకు ఏం తెలుసు, ఇది రుచి చూసుడు, ఇది తినుడు అని? రేపట్నుంచి బంద్ చెయ్.”

“బంద్ కాదు.”

ఇన్ని రోజుల్లో ఆమె అంత గట్టిగా అన్న మాట అదొక్కటే.

“ఎందుకు కాదు?”

మగ్దలేనమ్మ పొయ్యి ముందు కూర్చుని కుడికాలు చాపింది. కట్టు పైన, చీలమండ నుంచి పాదం దాకా తెల్లటి మచ్చ, ముడుతలు పడ్డ చర్మం. స్తుతి రోజు మార్చి రోజు చూస్తున్న మచ్చే. పాత కాలినగాయం అనుకుంది, అడగలేదు.

“నువ్వు ఏడో తరగతిల ఉన్నప్పుడనుకుంట. ఒకనాడు పప్పు లేదని మీకు కారం మెతుకులు పెట్టిండ్రు, యాదికుందా?”

ఉంది. స్తుతికి బాగా గుర్తుంది. పెద్దవ్వ కళ్లు తిరిగి, పప్పు వండిన పెద్ద గంజు మీద పడిందన్నారు. పిల్లలంతా సాయంత్రం దాకా ఆకలితో ఏడ్చారు.

“ఆ పప్పు బస్తా లారీల పత్తిమందు డబ్బాల మీద వేసుకొచ్చిండ్రు. ఎవరికీ తెల్వదు. చింతపండు పులుపుకు వాసన తెలుస్తలేదు. పన్నెండుకు తలె తిన్న. పన్నెండు ఇరవైకి నోట్లె నురగ. బయట మీరు పళ్లేలు కొడుతుండ్రు, గంట కొట్టకముందే. వడ్డించే పిల్ల గంజు దిక్కు వస్తుంది. నోరు లేస్తలేదు, చేతులు లేస్తలేవు. కాలు ఒక్కటి లేసింది. తన్నిన.”

ఆగింది. మచ్చ మీద చెయ్యి వేసుకుంది.

“మైసయ్య జీపుల వేసుకొని దవాఖానకు పోయిండు. మూడు రోజులకు తెలివొచ్చింది. గొడవయితదని వార్డెన్ మీకు చెప్పలే.”

స్తుతి వంగి ఆ మచ్చ మీద వేలు పెట్టింది. “ఆ రోజు మేం నిన్ను తిట్టుకున్నం పెద్దవ్వా. పప్పు పారబోసిందని. నేను అందరికంటె ఎక్కువ తిట్టిన.”

“ఆకలయితే తిడ్తరు బిడ్డా.”

గడియారం పన్నెండున్నర. మగ్దలేనమ్మ లేచి బగోన మూత తీయబోయింది. స్తుతి ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఆ పొద్దు రెండు వందల నలభై మంది పిల్లలం. నువ్వు తినకపోతే సచ్చేటోళ్లం. ఈ పొద్దు ఎవరున్నరు? బెన్నీ. వాడు గులకరాళ్లు తిన్నా అరిగించుకుంటడు. వాని కోసం రుచి చూసి, మమ్మల్ని బతికించిన కాలు కోసుకుంటవా?”

మగ్దలేనమ్మ కాలు వైపు చూసింది. తన్నిన కాలు. ఆ రోజు వేడి పప్పు మీద పడి చర్మం ఊడినప్పుడు ఎంత మండిందో తలచుకోబోయింది. మండిందని తెలుసు. ఎట్లా మండిందో అందలేదు.

“పది రోజులే ఉన్నయ్,” అంది స్తుతి. “బగోన ఉంటదా, కాలు ఉంటదా, నువ్వే చెప్పు.”

బయట హారన్ కొట్టారు. బెన్నీ లోపలికొచ్చాడు, తలె తుడుచుకుంటూ. “పెద్దవ్వా, ఇయ్యాల ఏం కూర?”

“ఇయ్యాల తినుండ్రి. రేపట్నుంచి లేదు,” అంది మగ్దలేనమ్మ.

బెన్నీ ముఖం వాడిపోయింది. “ఏం తప్పు జేసినం? ఉప్పెక్కువైందని రాయమల్లు అన్నడనా? రేపట్నుంచి వాన్ని అడ్డాల నిలవనియ్య.”

“ఉప్పు గాదురా.”

“మరేంది? నీ కూర పడకుంటె మా జీపులు ఇంద్రవెల్లి దాక గూడ పోవు.”

“నా మటుకు నేను వండుకోవాలె,” అంది. ఆ మాట అంటుంటే ఎవరి మాటో అన్నట్టు ఉంది. “గీ బగోన తీస్కపో. మీరే వండుకోండ్రి.”

బెన్నీ స్తుతి వైపు చూశాడు, కాలి కట్టు వైపు చూశాడు. వేళాకోళం మానేశాడు. తిన్నాక గిన్నె ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. గడప దాటుతుంటే ఆమె పిలిచింది.

“బెన్నీ. వండినంక అందరు ఒక్కసారి తినకుండ్రి. ఒకడు ముందుగాల తిని, అర్ధగంట ఆగుండ్రి.”

“ఎందుకు?”

“ఆగుండ్రి అంటున్న.”

“సరే, రాయమల్లును తినిపిస్త,” అన్నాడు బెన్నీ. “పోతె వాడు పోతడు.”

మరునాడు పొద్దున స్టవ్ ఖాళీగా ఉంది. స్తుతి తెచ్చిచ్చిన రొట్టెల పెంక, ఒక చిన్న గిన్నె, ఒక చెంచ, కొంచెం జొన్నపిండి, ఆకుకూర. అంతే సరంజామా. రాత్రి నానబెట్టిన గిన్నెడు పప్పు లేదు, తరగాల్సిన ఆలుగడ్డల కుప్ప లేదు. మగ్దలేనమ్మ పది గంటల దాకా గోడకు ఆనుకుని కూర్చుంది. ఈగ ఒకటి పెంక మీద వాలి లేచింది.

రొట్టె ఆమె ఎన్నడూ చేయలేదు. చిన్నప్పుడు అవ్వ చేస్తుంటే చూసింది. హాస్టల్లో రొట్టె కుదరదు. అన్నమైతే ఒక్క గంజులో వందల మందికి ఉడుకుతుంది. రొట్టెను మాత్రం ఎంత పెద్ద వంటామె అయినా ఒక్కొక్కటే చేయాలి. అందుకే ముప్పై ఒక్క ఏళ్లలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

పిడికెడు పిండి తీసింది. ఒక్క పిడికెడు. అది ఆమె చేతికి తెలిసిన కొలతే. వేడినీళ్లు పోసి పిసికింది. పీట మీద పొడిపిండి చల్లి అరచేత్తో తట్టింది. అంచులు పగిలాయి. ముద్ద చేసి మళ్లీ తట్టింది. మూడోసారి గుండ్రంగా కాదు గానీ, పగలకుండా వచ్చింది. పెంక మీద వేసి పైన తడిగుడ్డతో తుడిచింది. గిన్నెలో పెసరపప్పు, గంగవాయిలి కూర గుప్పెడు, రెండు పచ్చిమిరపకాయలు. ఈసారి స్టవ్ వదల్లేదు. ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టింది. వేళ్లు పిడికిలి పట్టాయి. డబ్బాలోనే వదిలేసింది. చెంచ తీసుకుంది. చెంచలో సగం. అందులో సగం మళ్లీ డబ్బాలో పోసింది. ఎల్లిగడ్డ దంచి పోపు వేసింది.

పన్నెండు.

తలెలో రొట్టె, పప్పుకూర. ఒక ముక్క తుంచి కూరలో అద్దుకుని తిన్నది. ఉప్పు తక్కువైంది. పరవాలేదు. చెయ్యి రెండో ముక్క మీదికి పోయి ఆగింది.

తలె మీద ఇంకో తలె బోర్లించింది. గోడకు ఆనుకుని గడియారం చూస్తూ కూర్చుంది. తెలివితక్కువ పని అని తెలుసు. అయినా కూర్చుంది. అర్ధగంట. నోట్లో నురగ రాలేదు, కళ్లు తిరగలేదు. బయట జీపుల్లో ఎవరో రాయమల్లును ఆటపట్టిస్తున్నారు. పన్నెండున్నరకు మూత తీసింది. రొట్టె చల్లారి గట్టిపడింది. కూరలో నానేసి మొత్తం తిన్నది. కడుపు నిండింది. అంతకుమించి ఏమీ అనిపించలేదు. తలె కడిగింది. ఒక్కటే తలె, ఒక గిన్నె. రెండు నిమిషాల్లో అయిపోయింది. తర్వాత సాయంత్రం దాకా చేతులకు పని లేదు.

రెండో రోజు అంతే. మూడో రోజు స్తుతి తెచ్చిన తోటకూర. నాలుగో రోజు రొట్టె గుండ్రంగా వచ్చింది. చూసేవాళ్లు లేరు. ఆరో రోజు అర్ధగంట ఆగకుండా, రొట్టె వేడిగా ఉండగానే తినేసింది. తిన్నాక గుర్తొచ్చింది, ఆగలేదని.

ఇరవై ఒకటో రోజు రక్తం తీశారు. స్తుతి కాయితం పట్టుకుని వచ్చింది. డాక్టర్ చేతిలో పెట్టింది.

“నూట డెబ్బై ఎనిమిది,” అన్నాడు డాక్టర్ రంజిత్. కట్టు విప్పి పుండు చూశాడు, వంగి వాసన చూశాడు. అంచుల్లో ఎర్రటి కొత్త కండ కనిపించింది. “ఆదిలాబాద్ అవసరం లేదు. వేలు ఉంటది. ఇట్లనే తినాలె, ఇట్లనే.”

స్తుతి ముఖం పక్కకు తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

డాక్టర్ పెన్నుతో అరికాలు నొక్కాడు. “తెలుస్తుందా?”

“లేదు సారూ.”

“తెల్వదు. స్పర్శ మళ్ల రాదమ్మా, ఆశ పెట్టుకోకు. నీ కాలు నీకు చెప్పదు, నువ్వే రోజు పొద్దుగాల చూసుకోవాలె. చెప్పులు దులుపుకోవాలె.”

ఆమె తలూపింది. కాలు దక్కింది. సంతోషం రావాలి. వస్తుందేమోనని బెంచీ మీద కాసేపు కూర్చుంది. రాలేదు. కట్టు కట్టించుకుని లేచింది. పదకొండయింది. ఇంటికి పోయి రొట్టె చేసుకోవాలి. ఇంట్లో కూర లేదు.

అంగట్లో పోశవ్వ గోనె మీద గంగవాయిలి కూరకు నీళ్లు చల్లుతోంది. తలెత్తి చూసింది.

“ఏందే అక్కా, కనవడకుంట పోయినవ్? రోజూ ఇంత ఇంత కొనుక్కపోతుండె. చుట్టాలు పోయిండ్రా?”

“పోయిండ్రు.”

“అబ్బ! ఏం చుట్టాలే నాయినా, పది రోజులు తిన్నరు. ఎన్ని కట్టలు?”

కట్ట పెద్దది. మగ్దలేనమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూసింది. గుప్పెడు చాలు. మిగతాది రేపటికి మురుగుతుంది.

“సగం కట్ట ఇయ్యి.”

“సగం కట్టనా!” పోశవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. “గట్ల ఎవరన్న అమ్ముతరా? ఇంతకు ఇంట్ల ఎందరున్నరిప్పుడు?”

మగ్దలేనమ్మ కట్టను గోనె మీద పెట్టింది. వెనక ఎవరో బేరమాడుతున్నారు. మేక ఒకటి గోనె అంచు వాసన చూస్తే పోశవ్వ తరిమింది, కళ్లు మాత్రం ఆమె మీదే ఉన్నాయి.

“ఒక్కదాన్నే,” అంది మగ్దలేనమ్మ. “మా ఆయన పోయిండు ఫిబ్రవరిల. నా మటుకే వండుకుంటున్న.”

పోశవ్వ నోరు ఊరుకోవడం మగ్దలేనమ్మ చూడటం అదే మొదటిసారి. కట్ట విప్పి రెండు చేసింది. ఒక సగానికి నార చుట్టి ఆమె చేతిలో పెట్టింది. రెండో సగాన్ని అమ్మకం కుప్పలో కలపకుండా, తడిపిన గోనెముక్కలో చుట్టి తన వెనక నీడలో పెట్టుకుంది.

“గిది రేపటిది,” అంది. “పొద్దుగాల్నే రా, వాడిపోకముందే.”